కలంలో గాలి

మీ ఇంట్లో తాతగారో నాన్నగారో వాడిన పాత ఇంకు పెన్ను ఉంటే ఒకసారి మర విప్పి చూడండి. చాలావాటిలో రబ్బరు తిత్తి గానీ, సిరా గొట్టం గానీ కనిపించవు. ఫిల్లరుతో సిరాను నేరుగా పెన్ను బొంగులోకే పోసేవారు. అలాంటి పెన్నుతో పరీక్షలు రాసినవారిని అడగండి, ఒక వింత చెబుతారు. నిండుగా ఉన్నప్పుడు చక్కగా రాసే పెన్ను, సగానికి పైగా ఖాళీ అయ్యాక ఉన్నట్టుండి కాగితం మీద చుక్క కక్కేది. సిరా ఎక్కువైనప్పుడు కాకుండా తక్కువైనప్పుడు ఎందుకు కక్కుతుంది? దీనికి జవాబు తెలిస్తే కలంలో సిరా నింపే పద్ధతుల చరిత్ర సగం తెలిసినట్టే.

కలంలోంచి సిరా బయటికి రావాలంటే దాని స్థానంలోకి గాలి వెళ్ళాలి. నీళ్ళ సీసాను బోర్లిస్తే నీళ్ళు గుడగుడమంటూ ఆగి ఆగి పడడం మీరు చూసే ఉంటారు. రాసే కలం అలా ఆగకూడదు, ఒక్కసారిగా కారకూడదు. అమెరికాకు చెందిన లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన కలం ఈ చిక్కును చాలావరకు విప్పింది. పాళీకి కింద ఆనుకుని ఉండే ముక్కను ఫీడు అంటారు. అందులో అతడు సన్నని కాలువలు ఏర్పరిచాడు. కేశనాళికీయత వల్ల సిరా వాటి వెంట నెమ్మదిగా పాళీ చేరుతుంది, గాలి లోపలికి పోతుంది. కానీ సిరా నింపడం మాత్రం ఫిల్లరుతోనే. వేళ్ళకూ బట్టలకూ మరకలు తప్పేవి కావు.

ఆ మరకలను తప్పించడానికి వచ్చినదే మీట పద్ధతి. అమెరికాలోనే వాల్టర్ షెఫర్ 1908లో దీనికి పేటెంటు పొందాడు. బొంగు లోపల రబ్బరు తిత్తి ఉంటుంది. మీట ఎత్తితే తిత్తి నొక్కుకుపోయి గాలి బయటికి పోతుంది. పాళీని సిరాలో ముంచి మీట వదిలితే తిత్తి మళ్ళీ విచ్చుకుంటుంది, లోపల పీడనం తగ్గుతుంది. పెన్ను సిరాను పీల్చుకుందని మనం అంటాం. నిజానికి సిరాను లోపలికి నెట్టింది బయటి వాతావరణ పీడనమే! అయితే తిత్తిలో పట్టే సిరా తక్కువ. పైగా కొన్నేళ్ళకు రబ్బరు పెళుసుబారి పగిలిపోయేది. 1929లో జర్మనీ కంపెనీ పెలికాన్ తిత్తిని తీసేసి, బొంగులోనే కదిలే పిస్టన్ పెట్టింది. సిరా ఎక్కువ పట్టింది. కానీ పిస్టన్ చెడితే ఇంట్లో బాగుచేసుకోవడం కష్టం. ఆ తరువాత, 1950ల నుంచి, వాడి పారేసే ప్లాస్టిక్ కాట్రిడ్జిలు వాడుకలోకి వచ్చాయి. 1960లో వచ్చిన పార్కర్ 45లో కాట్రిడ్జి తీసి, దాని చోట సీసా సిరాను పీల్చే కన్వర్టరు పెట్టుకునే వీలు కలిగింది. నింపే పద్ధతిని మార్చుకునే స్వేచ్ఛ రాసేవారి చేతికే వచ్చింది.

ఇదే కాలంలో మన రాజమండ్రి వేరే దారి తొక్కింది. స్వదేశీ ఉద్యమ ప్రేరణతో కోసూరి వెంకటరత్నం తయారుచేసిన కలాన్ని గాంధీజీ వాడి, మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు. ఈ కలాలను ఎబొనైటుతో, అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరుతో, లేతు మీద చెక్కుతారు. సిరా పోసేది ఫిల్లరుతోనే. అది వెనుకబాటు అనుకోకండి. తిత్తి లేదు, స్ప్రింగు లేదు, పిస్టన్ లేదు. పాడయ్యే భాగమే లేని కలం ఒక చిన్న కార్ఖానాలో తయారుకాగలదు, ఏళ్ళ తరబడి నిలవగలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పెన్నులో 3 మిల్లీలీటర్ల గాలి, 27 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే 300 కెల్విన్ల వద్ద ఉందనుకోండి. మీ వేళ్ళ వేడికి అది 5 డిగ్రీలు వెచ్చబడింది. ఛార్లెస్ నియమం ప్రకారం దాని ఘనపరిమాణం మూడు వందల్లో ఐదు వంతులు, అంటే 0.05 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంత సిరాను అది బయటికి నెడుతుంది. ఫిల్లరు నుంచి పడే ఒక చుక్క పరిమాణం ఇంచుమించు ఇంతే! అదే కన్వర్టరులో అర మిల్లీలీటరు గాలి ఉంటే, పెరుగుదల 0.01 మిల్లీలీటరు కూడా ఉండదు. ఆ కాస్త సిరాను ఫీడు తన కాలువల్లోనే ఆపుకోగలదు. నిండు పెన్నులో గాలి తక్కువ కాబట్టే అది కక్కదు.

ఈ లెక్క తెలిసిన మీరు కాట్రిడ్జి పెన్నును ఫిల్లరు పెన్నుగా మార్చి చూడవచ్చు. బొంగు ప్లాస్టిక్‌దై ఉండాలి, దానికి ఎక్కడా రంధ్రం ఉండకూడదు, లోపల లోహపు భాగాలు ఉండకూడదు. లోహమైతే సిరాకు తుప్పు పట్టవచ్చు. మరలకు సరిపోయే రబ్బరు వాషరు వేసి, కాస్త సిలికోన్ గ్రీజు రాయండి. వాజలీన్ వాడితే రబ్బరు ఉబ్బిపోవచ్చు. ముందుగా నీళ్ళు పోసి, కాగితంలో చుట్టి ఒక రాత్రి ఉంచండి. కాగితం తడవకపోతేనే సిరా పోయండి. ముప్పాతిక మిల్లీలీటరు పట్టే పొట్టి కాట్రిడ్జి స్థానంలో రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, ప్లాస్టిక్ చెత్త తగ్గుతుంది. కానీ వందేళ్ళ నాటి ఆ చుక్క కూడా తిరిగి వస్తుంది. అందుకే పెన్ను సగం కాగానే మళ్ళీ నింపండి.

విచిత్రమేమిటంటే, మన ఎబొనైటు కలాలు కన్వర్టర్లతో కూడా దొరుకుతున్న ఈ రోజుల్లోనే కొందరు కాట్రిడ్జి పెన్నులను ఫిల్లరు పెన్నులుగా మార్చుకుంటున్నారు. కొత్త పద్ధతి వచ్చిందంటే పాతది తప్పని కాదు. ప్రతి పద్ధతీ ఒక ఇబ్బందిని తీర్చి మరొక ఇబ్బందిని ఒప్పుకుంటుంది. ఏ ఇబ్బందిని భరించగలమో తెలుసుకుని ఎంచుకోవడమే సాంకేతిక పరిజ్ఞానం. మీ కలం విషయంలో మీరేది ఎంచుకుంటారు?