కొల్లేటి గట్ల మీద సైకిల్

మార్చి చివర్లో కైకలూరులో పొద్దున్నే ఎండ పొడుస్తుంది. సైకిల్ క్యారియర్‌కి నీళ్ల సీసాలు కట్టుకోండి, తలకి తడి తువ్వాలు చుట్టుకోండి. పొద్దు నడినెత్తికి రాకముందే కొల్లేటికోట చేరాలి.

ఊరు దాటగానే ఆటపాక. పక్షుల కేంద్రం చెరువులో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. సైకిల్ ఆపి ఒక్క గూటినే చూడండి. పిల్ల తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చి, రెక్కలు టపటపలాడిస్తూ చేప కోసం కుమ్ముతోంది. ఆ ఊపుకి తల్లి మెడ అటూ ఇటూ ఊగిపోతోంది గానీ, నోరు మాత్రం మూయదు.

ఆలపాడు దగ్గర కొల్లేటికోట రోడ్డు పట్టారంటే ఇక నీడ కరువే. రెండు పక్కలా చేపల చెరువులు. గట్టు మీద ఎదురుగాలి, కింద నీళ్ల మీంచి ఎగదన్నే వేడి. కర్రలకు లాగి కట్టిన తాళ్లకి తవుడు సంచులు వేలాడుతున్నాయి. సంచి అడుగున చిల్లులు. చేప వచ్చి మూతితో పొడిస్తే మేత కొద్దికొద్దిగా రాలుతుంది. ఇక్కడి శీలావతి, బొచ్చె ఐసులో సర్దుకుని కోల్‌కతా దాకా వెళతాయి. మిమ్మల్ని దాటుకుపోయిన లారీ వెనక రోడ్డు మీద పడిన ఐసునీళ్ల చార, మీరు అక్కడికి చేరేలోపే ఆరిపోతుంది.

కొల్లేటికోట లంక గ్రామం. పెద్దింట్లమ్మ గుడిలోకి అడుగు పెట్టగానే బండల చల్లదనం అరికాళ్లకి తగులుతుంది. జలదుర్గ అని కూడా కొలిచే ఈ అమ్మవారికి ఫాల్గుణ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా జాతర. చుట్టూ ఉన్న లంకలన్నీ అప్పుడు ఇక్కడే ఉంటాయి.

గుడి వెనక వేపచెట్టు కింద ఒక పెద్దాయన మావు బాగుచేస్తున్నాడు. "ఈ ఎండలో ఎక్కడికి బాబూ? కూర్చోండి, మజ్జిగ తాగి ఎళ్దురుగాని" అంటాడు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన పెట్టె. నోటి దగ్గర బద్దలు లోపలికి వాలి ఉంటాయి. చెయ్యి పెట్టి చూడండి, తేలిగ్గా దూరుతుంది. వెనక్కి లాగితే బద్దల కొసలు మణికట్టుని పట్టేస్తాయి. కొర్రమీనైనా, మట్టగిడసైనా అంతే. "ఇదివరకు సాయంత్రం పెట్టి తెల్లారి తీస్తే కూర ఖాయమండి. నీరు పారాలి కదా, పారితేనే మావులో పడేది" అని తాడు బిగిస్తాడు.

పొద్దుటి నుంచీ మీరు తొక్కిన గట్లే ఆ నీటికి అడ్డం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదని తనలో పట్టుకుని నిదానంగా సముద్రానికి వదలాలి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో యంత్రాలు దించి చెరువుల గట్లు తెగ్గొట్టారు. తెగినవి చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఎందుకు లేచాయో తెలియాలంటే ఈ లంకల్లో ఒక పూట తిరగాలి. చెరువు పోతే లంకలోని ఇంటికి కూలీ పోతుంది. దాని బదులు మావు నిండే సరస్సు తిరిగి దక్కుతుందన్న నమ్మకం వాళ్లకి ఎవరూ కలిగించలేదు.

ఎండ వాలాక ఆకివీడు వైపు తొక్కండి. ఉప్పుటేరు వంతెన మీద ఆగితే కింద గుర్రపుడెక్క దిబ్బలు నెమ్మదిగా కదులుతుంటాయి. కొల్లేరంతటికీ సముద్రానికి దారి ఇదే. దీన్ని లోతు చేసి, కాంటూరు లోపలి గట్లు తీయాలి. తీసేముందు లంకల వాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల బతుకుతెరువు సంగతి తేల్చాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఏమవుతుందో 2006 తర్వాత చూశాం. పక్షినీ మనిషినీ కలిపి బతికించడం కొల్లేటికి కొత్త కాదు. నీటిని పారనిస్తే, ఆ పని అదే చేసుకుంటుంది.