కాటుక రేకుల పొడ

కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు. గోడ గడియారం చూసి టైము రాసుకున్నాక ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదపకూడదు.

వానాకాలం రాత్రి తాండూరు, వికారాబాద్ వైపు పాముకాటు కేసు వస్తే డాక్టర్లకు ముందుగా దిక్కు ఈ గొట్టం. ‘ఏం పామో సూడలే సార్’ అన్న మాట ఏ ఒక్కరిదో కాదు. కందిచేను గట్టు మీదో, నాపరాళ్ల దొంతర పక్కనో చీకట్లో కాలికి చురుక్కుమంటే లైటు వేసి వెతికే తీరిక ఎవరికుంటుంది? పాము కనబడకపోయినా, దాని విషం నెత్తురు మీద పనిచేస్తే ఆ పని గొట్టంలో కనబడుతుంది. ఈలోగా మనం విశాఖపట్నం దాకా పోయి రావచ్చు.

1781. అక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడు క్లాడ్‌తో పాటు ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు దిగాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులను చూసిన మనిషి. 1785లో కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. జనాన్ని భయపెడుతున్న పాముల్లో ఏవి విషప్పాములో, ఏవి కావో తేల్చాలని కూర్చున్నాడు. కోళ్లను, కుక్కలను కరిపించి చూశాడు. తంజావూరు మాత్ర అని పేరుమోసిన మందునూ పరీక్షకు పెట్టాడు.

స్థానికులు చెప్పిన పేర్లు అతని చెవికి ఎలా వినబడితే అలాగే కాగితం మీదికి ఎక్కాయి. 1796లో లండన్‌లో అచ్చయిన కోరమండల్ తీరపు పాముల పుస్తకంలో ‘కాటుక రేకుల పొడ’ అలా చేరింది. ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చకు కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. ఇంతకన్నా మంచి పేరు ఏ పండితుడు పెట్టగలడు! మరుసటేడు ఇంగ్లండ్ జంతుశాస్త్రవేత్త జార్జ్ షా దానికి శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు తగిలించాడు. మనకది రక్తపింజర.

రస్సెల్ కళ్లకు కనబడింది కాటు, చావు. ఆ రెంటి నడుమ నెత్తురులో ఏం జరిగిందో అప్పటికి అంతుపట్టలేదు.

మామూలుగా వేలు తెగితే ముందు ప్లేట్‌లెట్లు వచ్చి గాయానికి అతుక్కుంటాయి. ఆపైన నెత్తురులోని గడ్డకట్టే కారకాలు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. చివరికి త్రాంబిన్ పుడుతుంది. అది నెత్తురులో కరిగివున్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కుకుంటే గడ్డ. పాలలో తోడు వేసినట్టే, కాకపోతే ఇక్కడ తోడు గాయమైన చోటే పడాలి.

రక్తపింజర విషం ఆ వరస తప్పిస్తుంది. నేరుగా పదో కారకాన్ని, ఐదో కారకాన్ని లేపేస్తుంది. ఒంట్లో ఎక్కడబడితే అక్కడ తోడు పడుతుంది, ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా గాయమైతే కట్టడానికి నెత్తురులో సరుకుండదు. గడ్డ కట్టించే విషమే గడ్డ కట్టకుండా చంపుతుంది. ఇలాంటి వేళ కాటు మీద బ్లేడుతో గాటు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆగని నెత్తురుకు మరో దారి తెరవడమే అది.

విషపు ఈ తిరకాసును మందుగా వాడుకున్నవాడు ఆర్.జి. మాక్‌ఫర్లేన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు. లండన్ జంతుశాలలో పాముల బాధ్యత చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి, నెత్తురు ఆగని హీమోఫీలియా రోగుల గాయాల మీద బాగా పలచన చేసిన రక్తపింజర విషం అద్ది రక్తస్రావం ఆపవచ్చని 1934లో చూపించాడు. కారకాలు ఒకదాన్నొకటి లేపే వరసను 1964లో ‘నేచర్’ పత్రికలో వివరించిందీ ఆయనే.

ఇరవై నిమిషాలైంది.

గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే గాజు తగిలితే మంచి నెత్తురు గడ్డకడుతుంది. ప్లాస్టిక్కుతో ఆ పని కాదు. సబ్బుతో కడిగిన పాత గొట్టమూ పనికిరాదు. ఇప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. పెరుగులా నిలబడితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లలా జారితే, విషం నెత్తురుకెక్కినట్టే. నర్సు యాంటీ వీనం సీసాల కోసం వెళుతుంది. ఆ మందు విషాన్ని పట్టుకోగలదు గానీ ఖర్చయిన సరుకును తిరిగి తేలేదు. దాన్ని కాలేయమే కొత్తగా తయారు చేసుకోవాలి, అందుకు గంటలు పడుతుంది.

ఆరు గంటల తర్వాత మళ్లీ రెండు మిల్లీలీటర్లు, మళ్లీ కొత్త గొట్టం.