జెనీవా అంతర్జాతీయ పాఠశాల

స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరంలో 1924లో మొదలైన ఫ్రెంచి-ఇంగ్లీషు ద్విభాషా ప్రైవేటు పాఠశాల ఇది. స్థానికులు దీన్ని ‘ఎకోలింట్’ అని క్లుప్తంగా పిలుస్తారు. ఏ ప్రభుత్వానికీ చెందనిది, లాభాపేక్ష లేని ఫౌండేషన్ నిర్వహణలో నడిచేది. నేటికీ నడుస్తున్న అంతర్జాతీయ పాఠశాలల్లో అత్యంత పాతవాటిలో ఒకటి. ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల ఖరీదైన బడుల బోర్డుల మీద కనిపించే ‘ఐబీ’, అంటే ఇంటర్నేషనల్ బాకలోరియట్, ఈ బడిలో పుట్టినదే. తెలుగు నేలతో, ముఖ్యంగా మెదక్‌తో, దీనికి మరో రకమైన చుట్టరికం ఉంది. 1980 నుంచి 1984 వరకు మెదక్ లోక్‌సభ సభ్యురాలిగా ఉన్న ఇందిరా గాంధీ చిన్నతనంలో ఈ బడి విద్యార్థిని.

పుట్టుక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ రెండూ 1920లో జెనీవాలో కుదురుకున్నాయి. వాటిలో పని చేయడానికి పలు దేశాల ఉద్యోగులు భార్యాబిడ్డలతో తరలివచ్చారు. ఆ ఊరి బడులు మంచివే. కానీ అక్కడ చదువంతా ఫ్రెంచిలో, స్విస్ సిలబస్ ప్రకారం సాగేది. నాలుగైదేళ్ల తర్వాత సొంత దేశానికి తిరిగి వెళ్లవలసిన పిల్లవాడు అక్కడ చదివితే ఇంటి భాషకూ దూరమవుతాడు, అక్కడి పరీక్షలకూ దూరమవుతాడు. బదిలీల మీద తిరిగే ఉద్యోగుల ఇళ్లలో ఈ బాధ ఎక్కడైనా ఒకటే.

పరిష్కారం తల్లిదండ్రులే వెతుక్కున్నారు. సమితి సచివాలయంలో పని చేస్తున్న అమెరికన్ ఆర్థర్ స్వీట్సర్, ఆరోగ్య విభాగానికి అధిపతిగా ఉన్న పోలండ్ వైద్యుడు లుడ్విక్ రైహ్‌మన్ వీరిలో ముఖ్యులు. రైహ్‌మన్ తర్వాతి కాలంలో యూనిసెఫ్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. చదువు ఎలా ఉండాలన్న ఆలోచనను అందించింది మాత్రం జెనీవాలోని రూసో ఇన్‌స్టిట్యూట్. 1912లో ఏర్పడిన ఆ సంస్థ అప్పటికే కొత్త విద్యావిధానాలకు కేంద్రంగా పేరు తెచ్చుకుంది. అందులోని అడోల్ఫ్ ఫెరియేర్ చెవుడు వల్ల తరగతి గదికి దూరమైనా, పిల్లలు చేతులతో పని చేస్తూ, చుట్టూ ఉన్నదాన్ని చూస్తూ నేర్చుకోవాలని జీవితమంతా రాసినవాడు. ఆయన కుటుంబానికి చెందిన చిన్న కొయ్య ఇంట్లోనే 1924 సెప్టెంబరులో బడి తెరిచారు. మొదటి రోజున చేరిన పిల్లలు ఎనిమిది మంది. పాల్ మేహోఫర్ మొదటి డైరెక్టరు. ఐదేళ్లకే స్థలం చాలక 1929లో లా గ్రాంద్ బ్వాసియేర్ అనే ఎస్టేటును కొన్నారు. బడి ప్రధాన ఆవరణ నేటికీ అదే.

నెహ్రూ కుటుంబం జెనీవాలో

జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమలకు క్షయ సోకడంతో 1926 మార్చిలో ఆ కుటుంబం చికిత్స కోసం యూరప్‌కు ఓడెక్కింది. వారు ముందుగా కాపురం పెట్టింది జెనీవాలోనే. ఇందిరకు అప్పటికి ఎనిమిదేళ్లు. బడికి నిండా రెండేళ్లు కూడా లేవు. తల్లి మంచం పట్టి ఉండగా, తండ్రే ఆమెను బడికి తీసుకెళ్లి తీసుకొచ్చేవారు. ఆమె జెనీవాలో చదివిన కాలం కొద్దిదే. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోనే మరో బడికి మారారు. నెహ్రూ కుటుంబం 1927 డిసెంబరులో భారతదేశానికి తిరిగివచ్చింది. 1935లో కమల ఆరోగ్యం మళ్లీ క్షీణించి యూరప్ వెళ్లినప్పుడు ఇందిర స్విట్జర్లాండ్‌లోని బెక్స్ ఊళ్లో ఫ్రెంచి బడిలో చేరారు. 1936 ఫిబ్రవరిలో కమల లోజాన్‌లో కన్నుమూశారు. ఇందిర బాల్యంలో చదువూ, ఫ్రెంచి భాషా, తల్లి జబ్బూ కలిసే నడిచాయి. ఆ ఫ్రెంచి ఆమెకు జీవితాంతం నిలిచింది. ప్రధానమంత్రిగా పారిస్ వెళ్లినప్పుడు ఆమె దుబాసీ అవసరం లేకుండా ఫ్రెంచిలోనే మాట్లాడగలిగేవారు.

మెదక్‌తో ఆమె బంధం దశాబ్దాల తర్వాత ఏర్పడింది. 1977 ఎన్నికల్లో రాయ్‌బరేలీలో ఓడిన ఇందిరా గాంధీ 1980 జనవరిలో రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేశారు. మెదక్‌లో ఆమె ప్రత్యర్థి ఎస్. జైపాల్ రెడ్డి. రెండు చోట్లా గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురైన నాటికి ఆమె మెదక్ ఎంపీయే.

మోరెత్ ఇరవై ఏళ్లు

బడికి ఒక రూపం, ఒక సిద్ధాంతం ఏర్పడినది మారీ-తెరేజ్ మోరెత్ డైరెక్టరుగా ఉన్న కాలంలో, 1929 నుంచి 1949 వరకు. ఆమె భర్త ఫెర్నాన్ భూగోళ శాస్త్రవేత్త, అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఉన్నతాధికారి. తండ్రి పాల్ ద్యుపుయి పారిస్‌లోని ప్రఖ్యాత ఎకోల్ నార్మాల్‌లో చాలాకాలం పని చేసి, విశ్రాంత జీవితంలో జెనీవా వచ్చి ఈ బడిలో భూగోళం చెప్పాడు.

ఆయన పాఠం చెప్పిన తీరును కొంచెం దగ్గరగా చూడాలి. మామూలు బడిలో పిల్లవాడు తన ఊరి పటంతో మొదలుపెట్టి జిల్లా, రాష్ట్రం, దేశం దాటుకుంటూ చివరికి ప్రపంచానికి చేరతాడు. ద్యుపుయి గోడ పటాన్ని పక్కన పెట్టి గ్లోబు ముందుంచాడు. మొదట సముద్రాలు, కొండలు, గాలులు, పంటలు చెప్పాలి. దేశాల సరిహద్దులు ఆ తర్వాత రావాలి. చదునైన పటం ఏ దేశంలో అచ్చయితే ఆ దేశాన్ని నడిమధ్యకు తెస్తుంది. గుండ్రని గ్లోబుకు నడిమధ్య అంటూ ఉండదు. పాతిక దేశాల పిల్లలు కూర్చున్న గదిలో ఇది చిన్న విషయం కాదు.

చరిత్ర విషయంలో మోరెత్ ఇంకా గట్టిగా ఉండేవారు. పన్నెండేళ్లు రాకముందు చరిత్ర పాఠం వద్దని ఆమె అభిప్రాయం. ఆ వయసులో చెప్పే చరిత్ర మన వీరులు, వాళ్ల శత్రువులు అన్న కథగానే మిగులుతుందని ఆమె భయం. ఆ తర్వాత చెప్పేది ఏ ఒక్క దేశ చరిత్రో కాకూడదు, అన్ని నాగరికతలనూ పక్కపక్కన పెట్టి చూపాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యునెస్కో కోసం ఆమె ఒక పత్రం రాశారు. శాంతిని నేర్పే బోధనా పద్ధతులు ఉన్నాయా అన్న ప్రశ్నకు తన బడి అనుభవంతో అందులో జవాబిచ్చారు. అంతర్జాతీయ విద్య మీద తొలి ముఖ్య రచనల్లో ఒకటిగా 1948 నాటి ఆ పత్రాన్ని నేటికీ చదువుతారు.

భాష విషయంలో ఆమె పట్టుదల సూటిగా ఉండేది. ఫ్రెంచి పిల్లలు ఇంగ్లీషును, ఇంగ్లీషు పిల్లలు ఫ్రెంచిని వారానికి నాలుగు పీరియడ్ల సబ్జెక్టుగా చదివితే సరిపోదు. ఆటలు, చేతిపనులు, కొన్ని పాఠాలు ఆ రెండో భాషలోనే సాగాలి. భాషను నేర్పడం ఒకటి, ఆ భాషలో నేర్పడం మరొకటి. ద్విభాషా పాఠశాల అన్న మాటకు అర్థం ఈ రెండోది.

యుద్ధ కాలంలో నానాజాతి సమితి కార్యాలయాలు ఖాళీ అయ్యాయి. చుట్టూ యుద్ధం చేస్తున్న దేశాల మధ్య స్విట్జర్లాండ్ ఒంటరిదయింది. పిల్లల సంఖ్య బాగా పడిపోయినా బడి మూతపడలేదు.

పరీక్షల చిక్కు

యుద్ధం తర్వాత ఐక్యరాజ్య సమితి యూరప్ కార్యాలయం, 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాకు వచ్చాయి. అమెరికన్ కంపెనీలూ వెంట వచ్చాయి. పిల్లలు పెరిగారు, వారిలో ఇంగ్లీషు మాట్లాడేవారు ఇంకా ఎక్కువ పెరిగారు. దాంతో ఒకే బడి ఫ్రెంచి విభాగం, ఇంగ్లీషు విభాగం అని రెండుగా చీలింది. మోరెత్ కోరుకున్న కలయిక ఇక్కడ పలచబడిందని చెప్పక తప్పదు. ఒకే ఆవరణలో రెండు భాషల బడులు ఉండటం, ఒకే బడి రెండు భాషల్లో నడవటం ఒకటి కావు.

అంతకన్నా పెద్ద చిక్కు పై తరగతుల్లో వచ్చింది. పదిహేడేళ్ల ఫ్రెంచి విద్యార్థి బాకలోరియాకు, స్విస్ విద్యార్థి మతురిటేకు, బ్రిటిష్ విద్యార్థి ఎ-లెవెల్‌కు, అమెరికన్ విద్యార్థి కాలేజ్ బోర్డు పరీక్షకు సిద్ధం కావాలి. ఒక్కో దానికి సిలబస్ వేరు. భౌతిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు నలుగురికి ఒక పాఠం, మరో ఐదుగురికి ఇంకో పాఠం చెప్పాలి. పదేళ్లు కలిసి ఆడుకుని చదువుకున్న పిల్లలు ఆఖరి రెండేళ్లు జెండాల వారీగా విడిపోయి కూర్చునేవారు. పైగా చిన్న చిన్న గుంపులకు విడివిడిగా పాఠాలు చెప్పడం ఖర్చుతో కూడిన పని.

ఈ అవస్థలోంచే కొత్త ఆలోచన పుట్టింది. చరిత్ర ఉపాధ్యాయుడు రాబర్ట్ లీచ్ చొరవతో 1962లో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశం జెనీవాలో జరిగింది. అన్ని దేశాల విశ్వవిద్యాలయాలూ ఒప్పుకునే ఒకే పరీక్ష ఎందుకు ఉండకూడదన్నది ప్రశ్న. ముందుగా సమకాలీన చరిత్రకు ఒక ఉమ్మడి పాఠ్యక్రమం తయారు చేశారు. అన్ని సబ్జెక్టుల్లోకీ కష్టమైనదాన్నే ముందు పట్టుకోవడం వారి ధైర్యానికి గుర్తు. గణితం మీద దేశాలు కొట్టుకోవు, నిన్నటి యుద్ధం మీద కొట్టుకుంటాయి. బడి డైరెక్టరు డెస్మండ్ కోల్-బేకర్ ఈ పనికి అండగా నిలిచాడు. ట్వెంటీయత్ సెంచరీ ఫండ్, ఆ తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చాయి. 1968లో ఇంటర్నేషనల్ బాకలోరియట్ సంస్థ జెనీవాలో లాంఛనంగా ఏర్పడింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యాశాఖకు చెందిన అలెక్ పీటర్సన్ దాని మొదటి డైరెక్టర్ జనరల్.

ఐబీ ఇచ్చే డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, 4,000 పదాల పరిశోధన వ్యాసం, జ్ఞాన సిద్ధాంతం అనే పాఠం, సమాజ సేవ ఉంటాయి. గరిష్ఠ మార్కులు 45. జెనీవా బడి స్వభావానికి తగ్గట్టుగా మొదట ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ సంస్థ అధికార భాషలయ్యాయి. స్పానిష్ తర్వాత చేరింది.

ఇతర చోట్ల

జెనీవా దారిలో మరికొన్ని బడులు వచ్చాయి. పారిస్ దగ్గరి సెంజెర్మాన్-ఆన్-లేలో నాటో సైనిక కూటమి ఉద్యోగుల పిల్లల కోసం 1952లో అంతర్జాతీయ లీసే (ఫ్రెంచి ఉన్నత పాఠశాల) మొదలైంది. ఫ్రెంచి ప్రతిఘటనోద్యమంలో పనిచేసిన జానీన్ మాన్యుయెల్ 1954లో పారిస్‌లో ద్విభాషా బడి స్థాపించారు. ఇప్పుడది ఆమె పేరుతోనే నడుస్తోంది. ఇంగ్లీషు తల్లిదండ్రులు తమ పిల్లలకు ఫ్రెంచి రావాలని పట్టుబట్టిన కెనడాలో 1962లో టొరాంటో ఫ్రెంచ్ స్కూల్, 1965లో క్విబెక్‌లోని సెయింట్ లాంబెర్ట్‌లో తొలి ‘ఇమ్మర్షన్’ తరగతి మొదలయ్యాయి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలకు ఒకటో తరగతికి ముందు నుంచే చదువంతా ఫ్రెంచిలో చెప్పిన ప్రయోగం అది. ప్రపంచమంతటా భాషా బోధన మీద దాని ప్రభావం ఉంది.

తెలుగువారికి ఫ్రెంచి చదువు ఇంతకన్నా ముందే తెలుసు, మరో రూపంలో. గోదావరి ఒడ్డున యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. పుదుచ్చేరిలో 1826లో స్థాపించిన కళాశాల ఇప్పుడు ఫ్రెంచి లీసేగా కొనసాగుతోంది. అయితే యానాం పిల్లవాడికి ఫ్రెంచి చదువు సర్కారు కొలువుకు మెట్టు. పై చదువుకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి వెళ్లాలి. రెండు భాషల పిల్లలు సమానంగా కూర్చుని ఒకరి భాష ఒకరు నేర్చుకోవడం వలస పాలన బడుల్లో సాధ్యమయ్యేది కాదు.

జెనీవాలో బడి పుట్టడానికి కారణమైన అవసరమే ఉమ్మడి మెదక్ జిల్లాకు కూడా వచ్చింది. 1972లో పటాన్‌చెరు వద్ద పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడినప్పుడు పలు దేశాల శాస్త్రవేత్తలు కుటుంబాలతో వచ్చారు. వారి పిల్లల కోసం ఆ సంస్థ అదే ఏడాది ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ హైదరాబాద్‌ను నెలకొల్పింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధనల వెంట వచ్చిన బడి అది. అందులో బోధన ఇంగ్లీషులో, కేంబ్రిడ్జ్ పాఠ్యక్రమంలో సాగుతుంది.

ప్రస్తుత స్థితి

జెనీవా పాఠశాలకు ఇప్పుడు మూడు ఆవరణలున్నాయి. లా గ్రాంద్ బ్వాసియేర్‌కు తోడు 1974లో లా షాతెన్యెరే, 2005లో ఐక్యరాజ్య సమితి కార్యాలయాల దగ్గర కాంపస్ దె నసియోన్ చేరాయి. నాలుగు వేలకు పైగా విద్యార్థులు, వందకు పైగా దేశాల వారు చదువుతున్నారు. పై తరగతుల ఫీజు ఏటా 30,000 స్విస్ ఫ్రాంకులు దాటుతుంది. చాలామందికి ఆ ఫీజు కట్టేది వారి తల్లిదండ్రులు పని చేసే సంస్థలే. ప్రపంచ పిల్లలందరి కోసం ఆలోచించిన బడిలోకి ప్రపంచంలోని కొద్దిమందే అడుగుపెట్టగలరు. ఇది దాని పెద్ద లోపం. ఐబీ కూడా చాలా దేశాల్లో ఆ లోపాన్నే వారసత్వంగా తీసుకుంది. భారతదేశంలో 1976లో కొడైకెనాల్ బడితో మొదలై హైదరాబాదు చేరేసరికి అది ఇంగ్లీషు మాధ్యమ చదువుగా స్థిరపడింది. ఫ్రెంచి అక్కడ ఒక సబ్జెక్టు మాత్రమే.

రెండు భాషల్లో తగిన సామర్థ్యం చూపిన విద్యార్థికి ఐబీ ప్రత్యేకంగా ద్విభాషా డిప్లొమా ఇస్తుంది. రాసిన సాహిత్యం తగినంత ఉన్న ఏ మాతృభాషనైనా, బడిలో ఉపాధ్యాయుడు లేకపోయినా, సాహిత్య సబ్జెక్టుగా చదివే వెసులుబాటు కూడా ఆ డిప్లొమాలో ఉంది. తెలంగాణలో 2018 చట్టం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. జెనీవా బడి నమూనాకు నిజంగా దగ్గరైన ద్విభాషా చదువు తెలుగు పిల్లలకు ఫ్రెంచి-ఇంగ్లీషు జంటతో రాదు, తెలుగు-ఇంగ్లీషు జంటతోనే వస్తుంది. లక్షల ఫీజు కట్టే తల్లిదండ్రులు ఐబీలోని ఆ మాతృభాష వెసులుబాటును బడి యాజమాన్యాలను అడిగి సాధించుకోవాలి.