ఆరోగ్యవరం: మందు లేని రోజుల వైద్యం

పెద్దపంజాణి నుంచి పుంగనూరు దాటి మదనపల్లె చేరితే, పట్టణానికి కొద్ది దూరంలో ఆరోగ్యవరం వస్తుంది. క్షయ రోగుల కోసం పలు ప్రొటెస్టెంట్ మిషన్లు చేతులు కలిపి పెట్టిన శానిటోరియం అది. 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో ఈ చోటికి మారింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, ఆయన తర్వాత డాక్టర్ పి.వి. బెంజమిన్ దాన్ని నడిపించారు. 1882లోనే రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టినా, దాన్ని చంపే మందు మాత్రం ఇంకా రాలేదు. వైద్యుల చేతిలో ఉన్నవి పద్ధతులే. వాటి పేర్లు ఇప్పుడు పాత వైద్య గ్రంథాల్లో తప్ప పెద్దగా వినిపించవు.

గాలి, తిండి, పని

మొదటిది 'ఓపెన్ ఎయిర్' చికిత్స. ఆరుబయటి గాలి, కడుపునిండా తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. జ్వరం తగ్గాక 'గ్రాడ్యుయేటెడ్ లేబర్'. అంటే కొలిచి పెంచే పని: ముందు కాసేపు నడక, తర్వాత బుట్ట మోయడం, ఆపైన పార పట్టడం. మళ్లీ జ్వరం వస్తే పని బంద్, మంచమే గతి.

రెండోది 'కొలాప్స్ థెరపీ'. పుండు పడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేస్తే, కదలిక తగ్గి మానుతుందని నమ్మకం. ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లానీని చూపిన దారి 'ఆర్టిఫిషియల్ న్యూమోథొరాక్స్': పక్కటెముకల మధ్య సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించడం. ఆ గాలి మెల్లగా ఒంట్లో ఇంకిపోతుంది. అందుకే వారాల తేడాతో మళ్లీ మళ్లీ నింపాలి. దాన్ని 'రీఫిల్' అనేవారు. 'ఫ్రెనిక్ క్రష్' అంటే ఉదరవితానాన్ని కదిలించే నరాన్ని నలపడం. అన్నిటికన్నా కఠినమైనది 'థొరాకోప్లాస్టీ'. పక్కటెముకల్ని తీసేసి ఛాతీ గోడనే లోపలికి కుంగదీసేవారు. ఆ వంకర జన్మంతా ఉండిపోయేది.

లెక్క పెట్టే పద్ధతి

వీటితో కొందరు కోలుకున్నారు. కానీ కోలుకున్నది పద్ధతి వల్లనా, ఒంటి సత్తువ వల్లనా? పక్కన పోల్చి చూసే గుంపు లేనిదే ఆ సంగతి తేలదు.

మదనపల్లెలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు 1948లో మొదలయ్యాయి. 1950 నుంచి క్రిస్టియన్ కుమారుడు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం మదనపల్లెలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనానికి ట్యుబర్‌క్యులిన్ పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీసింది. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ల తరబడి రెండు గుంపుల్నీ గమనించింది. టీకా పడని గుంపునే పరిశోధకులు 'కంట్రోల్' అంటారు.

1956లో మద్రాసులో ఇంకో అడుగు పడింది. వాలెస్ ఫాక్స్ బృందం 193 మంది రోగుల్ని తమ ఇష్టానికి వదలకుండా, చీటీ తీసినట్టు రెండుగా విడదీసింది. ఇదే 'ర్యాండమైజేషన్'. అప్పటికి క్షయ క్రిమిని చంపే మందులు వచ్చేశాయి. ఆ కొత్త మందులు ఒక గుంపుకు ఇంట్లో, రెండో గుంపుకు శానిటోరియంలో ఇచ్చారు. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగయ్యారని 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లోవాళ్లకు అదనంగా క్షయ అంటుకోలేదు కూడా.

విశ్రాంతి, గాలి, మంచి తిండి అనే దశాబ్దాల నమ్మకాన్ని కూలదోసింది కొత్త మందు ఒక్కటే కాదు, దాన్ని నిష్పక్షపాతంగా పరీక్షించిన తీరు కూడా. మంచాలు అవసరం లేకపోవడంతో దేశదేశాల్లో శానిటోరియాలు మూతపడ్డాయి. ఆరోగ్యవరం మాత్రం అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా నిలిచింది. ఇవాళ మామూలు టీబీ రోగి కుప్పంలోనైనా కూలికి పోతూనే ఆరు నెలల మాత్రలతో నయం చేసుకోగలుగుతున్నాడంటే, ఆ ధైర్యం ఇచ్చింది ఆ లెక్కే.