చందా పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?
(మన సంఘాల చరిత్ర – 9వ భాగం)

మన చరిత్రను దాడులతో, ధర్నాలతో, విగ్రహాలతో చెప్పుకుంటాం. డబ్బుతో చెప్పుకోం. ఈసారి చందా పుస్తకం తెరుద్దాం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో మన పక్కనే బెజవాడలో ఏఐసీసీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించింది. కోటి దాటింది. అందులో అంటరానివాళ్ళ కోసం ఇచ్చింది 43,381 రూపాయలేనని అంబేడ్కర్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో లెక్క తీశారు. 1932లో హరిజన సేవక సంఘం పుట్టింది. అధ్యక్షుడు బిర్లా. యాజమాన్యంలో మనవాళ్ళకు చోటేదని అడిగితే, ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తం, డబ్బు వాళ్ళది, పెత్తనమూ వాళ్ళదే అన్నారు. కేంద్ర బోర్డులో ఉన్న అంబేడ్కర్ బయటికొచ్చేశారు. పెట్టె ఎవరిదైతే నిర్ణయం వాళ్ళది.

ఇక మన నేలకు వద్దాం. 1985 జూలై 17, కారంచేడు. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన జనానికి ఆ పూట అన్నం కావాలి, తలదాచుకునే చోటు కావాలి. గుండె మండిన రోజుల్లో ఎవరైనా జేబు తెరుస్తారు. కానీ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008 డిసెంబర్‌లో. చుండూరు ఊచకోత 1991 ఆగస్టు 6న. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. రెండు కేసులూ దాదాపు 23 ఏళ్ళు నడిచాయి. అవతలి వాళ్ళకు పొలాలున్నాయి, వకీళ్ళున్నారు, ఆగే ఓపిక ఉంది. మన సాక్షి వాయిదాకు పోతే ఆ రోజు మిరపకోత కూలి పోతుంది. ఆ కూలి, ఆ బస్సు చార్జీ ఎవరివ్వాలి?

అందుకే సంఘానికి నిల్వ నిధి కావాలి. మన పల్లెల్లో యువజన సంఘాలు ఏప్రిల్ 14కి చందాలు ఎత్తుతాయి. మైకు, ఫ్లెక్సీ, భోజనాలు అయ్యేసరికి పెట్టె ఖాళీ. మరుసటి నెల ఎవరి మీదైనా దాడి జరిగితే మళ్ళీ ఏ నాయకుడి గడప దగ్గరో నిలబడాలి. ఆయన డబ్బిస్తాడు, తర్వాత రాజీ కూడా ఆయనే కుదురుస్తాడు.

వసూలైన దాంట్లో ఒక వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. 2001 సొసైటీల చట్టం కింద సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, ఇద్దరి సంతకాలు లేకుండా రూపాయి కదలకూడదు, ఆ ఇద్దరిలో ఒక ఆడమనిషి ఉండాలి. ఏడాదికోసారి జమాఖర్చులు వాడ నడుమ పైకి చదవండి. చదువుకునే పిల్లలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. పత్తి తీసే అమ్మ ఇచ్చిన పది రూపాయలకు కూడా రసీదు ఇవ్వండి. అది ఆమె హక్కు.

జై భీమ్.