దీవి మొత్తానికి నాలుగు సీట్లు: క్వీన్స్ రాయల్ కాలేజ్ కథ

నవోదయ ఎంట్రన్స్ గురించి మీకు చెప్పక్కర్లేదు. మామూలుగా ఒక్కో నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. దానికే ఇంట్లో ఎంత టెన్షనో కదా. ఇప్పుడు దేశం మొత్తానికి కలిపి ఏడాదికి నాలుగే ఫ్రీ సీట్లు అనుకోండి. 1910లో ట్రినిడాడ్‌లో పరిస్థితి అదే.

ట్రినిడాడ్ అంటే మన బ్రయాన్ లారా పుట్టిన దీవి, వెనిజులా పక్కనే ఉంటుంది. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. అక్కడ 1859లో బ్రిటిష్ ప్రభుత్వం చర్చిలతో సంబంధం లేకుండా ఒక స్కూల్ పెట్టింది. 1870లో దాని పేరు క్వీన్స్ రాయల్ కాలేజ్ అయింది. పేరులో కాలేజ్ ఉంది గానీ అది మగపిల్లల హైస్కూలే. ఇప్పుడు ఫోటోల్లో కనిపించే గడియారం టవర్ బిల్డింగ్ 1904లో తెరిచారు. ఒక్కసారి సెర్చ్ చేసి చూడండి, స్కూలా ప్యాలెసా అనిపిస్తుంది.

లోపల మాత్రం పక్కా ఇంగ్లాండ్. లాటిన్, ఇంగ్లీష్ సాహిత్యం, ఇంగ్లాండ్ రాజుల చరిత్ర. ఫైనల్ పరీక్ష కేంబ్రిడ్జ్‌ది, ఆన్సర్ షీట్లు ఓడెక్కి వెళ్లేవి. స్కూల్ మోటో లాటిన్‌లో ఉంటుంది. అర్థం ఏంటంటే, అందరూ పోటీ పడతారు, బహుమతి మాత్రం అందరికీ దక్కదు. పిల్లలకి ఇంత ఓపెన్‌గా చెప్పేశారన్నమాట!

ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలకి దారి ఉంది. మిగతా వాళ్లకి ఆ నాలుగు సీట్లే, అవి కూడా ఈ స్కూల్‌కీ, సెయింట్ మేరీస్ అనే క్యాథలిక్ స్కూల్‌కీ కలిపి. 1910లో అందులో ఒకటి కొట్టినవాడు తొమ్మిదేళ్ల సి.ఎల్.ఆర్. జేమ్స్, ఒక నల్లజాతి టీచర్ కొడుకు. చేరాక క్రికెట్, నవలలు పట్టుకుని స్కాలర్‌షిప్‌ని పక్కన పెట్టేశాడు. ఇంట్లో గొడవ ఎలా ఉండుంటుందో మనం ఊహించుకోవచ్చు. తర్వాత అదే స్కూల్లో టీచర్ అయ్యాడు. హైతీ బానిసల తిరుగుబాటు మీద 1938లో ఆయన రాసిన పుస్తకం ఈరోజుకీ చదువుతున్నారు.

ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే ఎరిక్ విలియమ్స్. స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, బానిస వ్యాపారం డబ్బుకీ బ్రిటన్ పరిశ్రమలకీ ఉన్న లింకు మీద 1944లో పుస్తకం వేశాడు. 1962 ఆగస్టు 31న ట్రినిడాడ్‌కి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ప్రధాని ఆయనే. ప్రతిపక్ష నాయకుడు రుద్రనాథ్ కపిల్‌దేవ్, చెరకు తోటల్లో పనికి ఓడల్లో వెళ్లిన మన భారతీయ కూలీల కుటుంబం. ఆయనా ఈ స్కూల్ స్టూడెంటే! ఆయన మేనల్లుడు వి.ఎస్. నైపాల్ కూడా ఇక్కడే చదివి, 1950లో స్కాలర్‌షిప్‌తో ఇంగ్లాండ్ వెళ్లాడు. 2001లో నోబెల్. అన్నట్టు ఆ కూలీల ఓడలు ఎక్కువగా కలకత్తా నుంచే వెళ్లినా, కొన్ని మద్రాస్ రేవు నుంచి కూడా బయల్దేరాయి.

ఇంగ్లీష్ దొరల్లా తయారు చేద్దామని పెట్టిన స్కూల్ నుంచి దొరల లెక్కలు అడిగేవాళ్లు వచ్చారు, నిజమే. కానీ నాకు గుచ్చుకునేది వేరే. ఆ నాలుగు సీట్ల కింద మిగిలిపోయిన పిల్లల పేర్లు ఎవరికీ తెలీదు. వాళ్లలో ఎంతమంది జేమ్స్‌లు ఉన్నారో?

ఇది విలియమ్స్‌కి తెలుసు. ఆయన ప్రభుత్వం 1960ల మొదట్లో హైస్కూల్ చదువు ఫ్రీ చేసింది. సీట్లు పెరిగాయి, కానీ సరిపోలేదు. అందుకే కామన్ ఎంట్రన్స్ అని పరీక్ష పెట్టారు, పదకొండేళ్ల పిల్లలకి! ప్రిన్సిపాల్స్ చేతిలో 20 శాతం సీట్లు ఉంచాలని చర్చి స్కూళ్లతో ఒప్పందం కూడా జరిగింది. మేనేజ్‌మెంట్ కోటా అన్నమాట, మనకి కొత్తేం కాదు.

ఇక గురుశిష్యుల సంగతి. జేమ్స్ కొన్నాళ్లు విలియమ్స్ పార్టీ పత్రిక నడిపాడు, తర్వాత ఇద్దరికీ చెడింది. 1965లో క్రికెట్ రిపోర్టింగ్ కోసం జేమ్స్ ట్రినిడాడ్ వస్తే, విలియమ్స్ ప్రభుత్వం ఆయన్ని గృహనిర్బంధంలో పెట్టింది. పాఠం చెప్పిన సార్‌నే!

ఆ ఎంట్రన్స్ పేరు 2001లో మారింది. పరీక్ష మాత్రం ఇంకా ఉంది. మీలో నవోదయ, గురుకులం ఎంట్రన్స్ రాసినవాళ్లు ఉంటే, మీ ఊరి నుంచి ఎంతమంది రాశారో, ఎంతమందికి వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. రానివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో కూడా రాయండి.