రైనా? డాన్యూబా?

నదిలో స్నానం చేసిన పుణ్యం మనకు తెలుసు. నది దాటిన కష్టమూ తెలుసు. నది వెంబడే ఓడలో పోయే సుఖం మాత్రం మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ళకు బొత్తిగా తెలియదు. మా నదులు అలాంటివి మరి! నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, ఒక్కొక్కటి 250 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తి సముద్రంలో పడిపోతాయి. వానాకాలంలో గట్లు కోస్తాయి. వేసంగిలో చూస్తే ఇసుకే కనబడుతుంది గానీ నీళ్ళు కనబడవు. చంపావతి సంగతి సరే సరి. ఇలాంటి ఏళ్ళ మీద స్టీమరు నడపాలని ఏ కంపెనీవాడికి మాత్రం బుద్ధి పుడుతుంది?

అందుకే, యూరపులో నది మీద ఓడెక్కి వారం రోజులు తిరిగొద్దామని మా ఇంట్లో మాట పుట్టినప్పుడు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మా పనిమనిషే. "ఒలమ్మా! డబ్బులిచ్చి మరీ ఏటిలో తిరుగుతారేటమ్మా?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

మావారు డాన్యూబ్ అన్నారు. మా తోడికోడలు, "కాదక్కా, రైన్ నది మీదే వెళ్ళాలి, కొండల మీద కోటలన్నీ అక్కడే ఉన్నాయి" అంది. మధ్యన నన్ను కూర్చోబెట్టారు, చీరల కొట్లో బేరానికి పెద్దమ్మను కూర్చోబెట్టినట్టు. ముప్పై ఏళ్ళు బళ్ళో సోషలు పాఠాలు చెప్పినదాన్ని. రంగుల బొమ్మలు చూసి రిటైర్మెంటు డబ్బు ఇచ్చేస్తానా? ముందు ఆ రెండు నదుల చరిత్ర తీశాను. తీశాక తెలిసిందేమిటంటే, నదిని దేవుడు ఇస్తాడు గానీ నది దారిని మనుషులే చేసుకోవాలి. అదీ కొట్లాటలు మానుకున్నాకనే.

రైన్ సంగతే చూడండి. స్విట్జర్లాండు మంచుకొండల్లో పుట్టి, సుమారు 1230 కిలోమీటర్లు నడిచి, హాలండు దగ్గర ఉత్తర సముద్రంలో కలుస్తుంది. మా తోడికోడలు ముచ్చటపడ్డ కోటలున్నాయే, వాటిలో చాలా వాటికి ఆ రోజుల్లో సుంకం వసూలే పని. కౌబ్ అనే ఊరి దగ్గర నది నడిమధ్యన, ఓడలాగే ఉండే ఒక కోట ఉంది. దాన్ని 1320లలో కట్టారు. నదికి అడ్డంగా గొలుసు కట్టి, సుంకం ఇస్తే గాని పడవను వదిలేవారు కాదట. వంతుకొక దొర, దొరకొక గొలుసు. మన సంస్థానాల మధ్య ఒకప్పటి సుంకం చావళ్ళే గుర్తొచ్చాయి నాకు.

ఆ గొలుసులు తెగడానికి నెపోలియన్ యుద్ధాలు అయిపోవాల్సి వచ్చింది. 1815లో వియన్నాలో రాజులంతా కూడి, రైన్ మీద రాకపోకలు చూడడానికి అన్ని దేశాలకూ కలిపి ఒక సంఘం పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. 1826లో కొలోనులో స్టీమరు కంపెనీ వెలిసింది, మరుసటి ఏడే మైన్జుకు స్టీమర్లు తిరగడం మొదలైంది. 1868లో మాన్‌హైమ్ ఒప్పందంతో రైన్ మీద ఓడలకు సుంకాల బెడద పూర్తిగా వదిలింది. ఈనాడు మనం డెక్కు మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ కోటలు లెక్కపెడుతున్నామంటే, వెనక ఇంత కథ ఉంది.

డాన్యూబ్ కథ ఇంకా పెద్దది, కాస్త దుఃఖం పాలు ఎక్కువ. నల్ల అడవిలో పుట్టి నల్ల సముద్రంలో కలిసే ఈ నది పొడవు సుమారు 2850 కిలోమీటర్లు. పది దేశాలను తాకుతుంది. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్టు, బెల్‌గ్రేడు, ఈ నాలుగు రాజధానులూ దాని ఒడ్డునే. 1829లో వియన్నాలో స్టీమరు కంపెనీ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నది పై భాగం ఒక రాజ్యాల కూటమికీ, కింది భాగం మరో కూటమికీ పోయింది. 1999లో యుద్ధవిమానాలు నోవీసాడ్ వంతెనలను కూల్చినప్పుడు, ఆ శిథిలాలు నదిలో పడి ఓడల దారి ఏళ్ళ తరబడి మూసుకుపోయింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. దారే లేదు.

సెర్బియా, రుమేనియాల మధ్య "ఇనుప ద్వారం" అనే గండి ఉంది. మన పాపికొండల్లా రెండు వైపులా కొండలు నొక్కేస్తుంటే నది ఇరుకున దూరుతుంది. అక్కడ 1972లో ఆనకట్ట పూర్తయింది. ఓడలకు ప్రమాదకరమైన రాళ్ళన్నీ మునిగిపోయాయి, ప్రయాణం సులువైంది. వాటితోపాటు అదా కాలే అనే లంక కూడా మునిగింది. మసీదూ, బజారూ, తరతరాలుగా కాపురమున్న టర్కీ కుటుంబాలూ ఉన్న లంక అది. ఓడలో పోయేవాళ్ళు ఇప్పుడు ఆ ఊరి మీదుగానే పోతారు. హిరమండలం దగ్గర వంశధార జలాశయం కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళను, పోలవరం కోసం కదిలినవాళ్ళను ఎరిగిన మనకు, ఆ చోట ఫొటో తీసుకోవాలని చెయ్యి లేస్తుందా అనిపించింది.

ఈ రెండు నదులనూ కలపాలన్న ఆశ పన్నెండు వందల ఏళ్ళ నాటిది. 793లో షార్లమేను చక్రవర్తి కాలువ తవ్వించబోతే, వానలకు గట్లు జారిపోయాయి. 1846లో బవేరియా రాజు సుమారు వంద లాకులతో ఒక కాలువ తెరిపించాడు. ఈలోగా రైలు వచ్చి దాని వ్యాపారం మింగేసింది. చివరికి 1992లో 171 కిలోమీటర్ల కొత్త కాలువ పూర్తయింది. దానిలో పదహారు లాకులు. ఓడ మెట్లెక్కినట్టు ఎక్కి, సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకు చేరి, మళ్ళీ మెట్లు దిగుతుంది. లాకులంటే మనకు కొత్తేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన కాటన్ దొర, పొలాలకు నీరే కాదు, పడవలకు దారి కూడా కావాలని పట్టుబట్టినవాడు. గోదావరి కాలువల మీద లాకులు దాటుకుంటూ పెళ్ళివారి పడవలు తిరిగిన రోజులు మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. అక్కడా రైలూ, బస్సూ పడవను మింగేశాయి.

మరి మా ఉత్తరాంధ్రవాళ్ళు నీటి మీద అసలు ప్రయాణమే చెయ్యలేదా అంటే, చేశారు. సరదాకి కాదు, పొట్టకూటికి. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరు ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసేది. జనం మసూలా పడవల్లో అలలు దాటి, నిచ్చెన పట్టుకుని ఎక్కేవారు. డెక్కు మీదే వంట, డెక్కు మీదే పడక. దిగేది రంగూనులో. "ఏ దారిన వెళ్దాం?" అని వాళ్ళు రంగుల కాగితాలు పరిచి కూర్చోలేదు. దారి ఒక్కటే.

మా అత్తగారి నాన్నగారు అలా కళింగపట్నంలో ఓడెక్కి వెళ్ళి, రంగూనులో గుమాస్తా పని చేశారట. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడలు దొరకనివాళ్ళు లక్షలాదిగా అరకాను దారినీ, మణిపూరు దారినీ నడిచి వచ్చారు. ఆయన వచ్చారు. ఆయన తమ్ముడు రాలేదు. అందుకే మా అత్తగారు బతికినన్నాళ్ళూ పడవెక్కలేదు. భద్రాచలం వెళ్ళినా బస్సులోనే వెళ్ళారు. మా ఇంట్లో ఓడ అంటే షికారు కాదు, ఎడబాటు. ఆ మాట మావారికి గుర్తు చేస్తే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే మనమైనా తిరిగి రావడానికి ఎక్కుదాం" అన్నారు.

ఇక వెళ్ళదలిచిన చెల్లెళ్ళకు నాకు తేలిన నాలుగు సంగతులు చెబుతాను. వారం రోజులే చేతిలో ఉంటే రైన్ మీద ఆమ్‌స్టర్‌డామ్, బాజెలు మధ్య దారి గాని, డాన్యూబ్ మీద పసౌ, బుడాపెస్టు మధ్య దారి గాని సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్టు దాకా రెండు నదులూ చూడాలంటే రెండు వారాలు కావాలి, లాకులు లెక్కపెట్టే ఓపికా కావాలి. బుడాపెస్టు దిగువకు పోయేవాళ్ళు వీసా సంగతి ముందే కనుక్కోండి. బల్గేరియా, రుమేనియాలు 2025 నుంచి షెంగెను లెక్కలోకి పూర్తిగా వచ్చాయి గాని, సెర్బియా రాలేదు.

నెల కూడా చూసుకోవాలి. మన ఏళ్ళలాగే వాటికీ ఎండుడు రోజులున్నాయి. 2018లోనూ, 2022లోనూ రైన్ నీరు బాగా తగ్గిపోయి ఓడల రాకపోకలకు ఇబ్బంది అయింది. అలాంటప్పుడు కొంత దూరం బస్సులో తీసుకుపోతారు. వరదొస్తే వంతెనల కింద ఓడ పట్టదు. నీరు చాలకపోతే ఏం చేస్తారో, డబ్బు కట్టకముందే కాగితం మీద చూసుకోండి. ఇంకో మాట. 2019 మే నెలలో బుడాపెస్టులో రాత్రి వానలో పెద్ద ఓడ తగిలి చిన్న షికారు పడవ మునిగింది. 35 మందిలో ఏడుగురే బతికారు. అదే ఏడు సెప్టెంబరులో మన గోదావరిలో, కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మీకు తెలుసు. ఏ దేశమైనా నది నదే. లైఫ్ జాకెట్టు ఎక్కడుందో చూసుకున్నాకే కిటికీలోంచి కోటలు చూడండి.

చివరికి నా తీర్పు రైన్ వైపే వచ్చింది. కోటల కోసం కాదు. ఆ నది చివర ఉన్న హాలండు నుంచే, మన పెద్దవాళ్ళు వలందావాళ్ళని పిలిచిన డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో బందరు, పాలకొల్లు, భీమిలి రేవులకు వచ్చారు. బట్టల వ్యాపారం చేశారు. 1825లో భీమిలిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళ సమాధులు భీమిలిలో ఇప్పటికీ ఉన్నాయి, గోస్తని సముద్రంలో కలిసే ఊళ్ళోనే. వాళ్ళకూ రంగూను వెళ్ళిన మావాళ్ళలాగే ఇంటి దగ్గర ఎదురుచూసిన తల్లులు ఉండే ఉంటారు.

అందుచేత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి బాజెలులో దిగే టిక్కెట్లు తీసుకోమన్నాను. నిజానికి ఆమ్‌స్టర్‌డామ్ రైన్ ఒడ్డున లేదు. 1952లో తెరిచిన కాలువ మీదుగా ఓడ నదిలోకి వెళుతుంది. అక్కణ్ణించి ఎదురీత. ఎదురీత కాబట్టి ఓడ నెమ్మదిగా నడుస్తుంది, కోటలు మరి కాసేపు కనబడతాయని మా తోడికోడలు సంతోషించింది. డాన్యూబ్ పోయిందని మావారు రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు. మూడో రోజున మాగాయ సీసా పెట్టెలో పడుతుందా లేదా అని కొలత తీస్తూ కనబడ్డారు.